డబ్బా మీద 320... మీ బాణానికి 250!

2023 అక్టోబర్ మొదటి వారం. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ ఆర్చరీలో మూడు బంగారు పతకాలు గెలిచింది. వార్త అందరికీ గుర్తుంది, స్కోర్లు మాత్రం చాలామంది మర్చిపోయి ఉంటారు. ఓజస్ దేవ్‌తలేతో కలిసి ఆడిన మిక్స్‌డ్ టీమ్ ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 159-158. అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కలిసి ఆడిన మహిళల టీమ్ ఫైనల్‌లో చైనీస్ తైపీ మీద 230-229. రెండు స్వర్ణాలూ ఒక్కొక్క పాయింట్ తేడాతోనే వచ్చాయి. వ్యక్తిగత ఫైనల్ ఒక్కటే 149-145తో కాస్త ఊపిరి పీల్చుకునేలా సాగింది.

ఆ ఒక్క పాయింట్ అంటే టార్గెట్ మీద ఎంతో తెలుసా? కాంపౌండ్‌లో 50 మీటర్ల దూరం నుంచి 80 సెంటీమీటర్ల టార్గెట్‌ని కొడతారు. ఒక్కో రింగు వెడల్పు 4 సెంటీమీటర్లు. పదికీ తొమ్మిదికీ, తొమ్మిదికీ ఎనిమిదికీ మధ్య ఉన్నది అంతే. ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మామూలు కాంపౌండ్ విల్లులో బాణం వేగం ఒక శాతం కన్నా తక్కువ మారినా సరే, 50 మీటర్ల దగ్గర అది ఆ 4 సెంటీమీటర్లు కిందకో పైకో జారిపోతుంది. గురి అదే, చెయ్యి అదే, గాలి కూడా లేదు. అయినా పాయింట్ పోయింది.

అందుకే ఈ ఆటలోకి దిగిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న: నా బాణం ఎంత స్పీడ్‌లో వెళ్తోంది?

గేమర్లకు ముందే ఒక మాట. ఇక్కడ ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేమ్స్ కాదు, ఫీట్ పర్ సెకండ్. బాణాల లోకం మొత్తం ఈ యూనిట్‌లోనే మాట్లాడుతుంది. బరువులకేమో గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. విల్లు లాగే బలానికి పౌండ్లు, లాగే పొడవుకి అంగుళాలు. మెట్రిక్ పద్ధతిలో పెరిగిన మనకు మొదట్లో చిరాకేస్తుంది. వారం తిరిగేసరికి అలవాటైపోతుంది.

అసలు ఆ 320 ఎవరిది?

కొత్త విల్లు కొంటే డబ్బా మీదో, వెబ్‌సైట్‌లోనో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె ఐబీఓ స్పీడ్. 320, 335, 340... ఇలా ఉంటుంది. ఫోన్ కెమెరాకి మెగాపిక్సెల్స్ ఎలాగో విల్లుకి ఇది అలా. షాపులో అందరూ దాని గురించే మాట్లాడతారు, వాడకంలో దాని పాత్ర మాత్రం వేరు.

ఐబీఓ అంటే ఇంటర్నేషనల్ బోహంటింగ్ ఆర్గనైజేషన్. పేరులోనే వేట ఉంది చూశారా? ఇది అమెరికాలో విల్లుతో వేటాడేవాళ్ల లెక్క. జింక 22 గజాల్లో ఉందా 28 గజాల్లో ఉందా అని కంటితో అంచనా వేసి కొట్టేవాడికి స్పీడ్ నిజంగానే కావాలి. బాణం ఎంత వేగంగా పోతే దూరం అంచనాలో పొరపాటు అంత కప్పడిపోతుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఇక్కడ విల్లు పట్టేది టార్గెట్ కోసం. ఆ టార్గెట్ 50 మీటర్ల దగ్గరే ఉంటుంది, ఎక్కడికీ కదలదు. అంటే మనకు అంతగా అక్కర్లేని అంకెని చూసి మనం విల్లు కొంటున్నాం.

పైగా ఆ అంకె ఎలా వస్తుందో తెలుసా? విల్లుని 70 పౌండ్లకు బిగిస్తారు, 30 అంగుళాలు లాగుతారు, 350 గ్రెయిన్ల బాణం వేస్తారు. టార్గెట్ పోటీల్లో ప్రపంచ ఆర్చరీ సమాఖ్య 60 పౌండ్లు దాటనివ్వదు. 30 అంగుళాలు లాగాలంటే దాదాపు ఆరడుగుల పైన మనిషై ఉండాలి. అంటే ఆ డబ్బా మీది స్పీడ్‌ని మన రేంజుల్లో చాలామంది ఎప్పటికీ చూడరు.

మన స్పీడ్‌కి చిన్న లెక్క

ఆర్చర్లు వాడే ఒక అంచనా సూత్రం ఉంది. నోటితో చెప్పుకునేంత సులువు. ఐబీఓ అంకెతో మొదలుపెట్టండి. 30 అంగుళాలకు ఎంత తక్కువ లాగుతారో చూసి, అంగుళానికి 10 చొప్పున తీసేయండి. తాడు మీద తగిలించిన వస్తువులు, అంటే పీప్ సైట్, డీ-లూప్ లాంటివి, ఎన్ని గ్రెయిన్లుంటే అందులో మూడో వంతు తీసేయండి. చివరిగా బాణం బరువు. మీ విల్లు పౌండ్లని 5తో గుణించండి. బాణం అంతకంటే ఎన్ని గ్రెయిన్లు ఎక్కువుందో చూసి, అందులోనూ మూడో వంతు తీసేయండి.

ఒక ఉదాహరణ వేద్దాం. ఐబీఓ 320 ఉన్న విల్లు. మీరు లాగేది 27 అంగుళాలు, 50 పౌండ్లు. బాణం 350 గ్రెయిన్లు. తాడు మీది సామాను 20 గ్రెయిన్లు. మూడు అంగుళాలకు 30 పోయింది. తాడు బరువుకి 7 పోయింది. 50ని 5తో గుణిస్తే 250, బాణం దానికంటే 100 ఎక్కువ, కాబట్టి 33 పోయింది. 320 లోంచి ఇవన్నీ తీస్తే మిగిలేది 250.

250 ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు 76 మీటర్లు, గంటకు 274 కిలోమీటర్లు. షోయబ్ అఖ్తర్ 2003 వరల్డ్ కప్‌లో వేసిన రికార్డు బంతి 161.3. కాబట్టి డబ్బా మీద అంకె రాలేదని బాధపడాల్సిన పని లేదు. ఈ సూత్రం అంచనా మాత్రమే, పది ఎఫ్‌పీఎస్ అటూ ఇటూ కావచ్చు. క్యామ్ ఆకారాన్ని, తాడు పాతబడటాన్ని అది పట్టించుకోదు.

నేను వీకెండ్స్‌లో వెళ్లే రేంజ్‌లో ఒక నాన్న, ఎనిమిదో తరగతి చదివే కూతురితో వస్తుంటారు. ఒకరోజు ఫోన్‌లో రెండు విల్లుల ఫొటోలు పెట్టుకుని వచ్చారు. "బాబూ, ఇది 320 అంట, ఇది 340 అంట. రేటు బాగా తేడా ఉంది. పాపకి 340దే తీసుకోమంటున్నారు అందరూ. నువ్వేమంటావు?" అన్నారు. "అంకుల్, ముందు పాప లెక్క వేద్దాం" అని కూర్చున్నాం. ఆ అమ్మాయి లాగేది 25 అంగుళాలు, 40 పౌండ్లు. బాణం 300 గ్రెయిన్లు. మొదటి విల్లుతో 230 వస్తుంది, రెండోదానితో 250.

"అయితే 20 లాభమేగా?" అన్నారాయన. లాభమే. 50 మీటర్లు దాటడానికి మొదటిదానికి సుమారు 0.71 సెకన్లు పడితే, రెండోదానికి 0.66 సెకన్లు. అంటే గాలి బాణాన్ని పక్కకు తోసే సమయం కాస్త తగ్గుతుంది. కిందకి ఎంత పడుతుందన్నది సైట్ సర్దుకుంటే సరిపోతుంది, దానికి స్పీడ్ అక్కర్లేదు. ఇక ఖర్చు వైపు చూడండి. ఎక్కువ ఐబీఓ ఉన్న విల్లుల్లో చాలావాటికి బ్రేస్ హైట్, అంటే పిడికి తాడుకి మధ్య దూరం, తక్కువగా ఉంటుంది. దాంతో బాణం తాడుని అంటిపెట్టుకుని ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. వదిలిన తర్వాత చెయ్యి కాస్త వణికినా ఆ వణుకు బాణానికి ఎక్కుతుంది. ఇంకా నేర్చుకుంటున్న పిల్ల చేతికి అలాంటి విల్లు ఇవ్వడం నాకైతే నచ్చదు. అదే విల్లుకి 300 బదులు 260 గ్రెయిన్ల బాణాలు సరైన గట్టిదనంలో దొరికితే చాలు, 20లో 13 అక్కడే వచ్చేస్తాయి. "అయితే ఆ మిగిలిన డబ్బు బాణాలకే పెడతా" అన్నారు ఆయన.

ఒక్క విషయంలో మాత్రం చిన్నపిల్లలకు స్పీడ్ నిజంగా కావాలి. వేగం మరీ తక్కువైతే 50 మీటర్లకు సైట్‌ని కిందకి దించుతూ దించుతూ పోవాలి. చివరికి స్కోప్ బాణానికి అడ్డం వచ్చే పరిస్థితి వస్తుంది. ఆ గీత దాటేదాకా స్పీడ్ అవసరం, దాటాక అది సరదా.

వేగం ఎక్కడి నుంచి వస్తుంది?

1966లో హాలిస్ విల్బర్ ఆలెన్ అనే అమెరికన్ మిస్సోరీలో ఉంటూ ఒక వింత విల్లుకి పేటెంట్ అడిగాడు. 1969లో అది వచ్చింది. విల్లు కొసల్లో చక్రాలు పెట్టడం ఆయన చేసిన పని. మామూలు విల్లుని లాగేకొద్దీ బరువు పెరుగుతూ పోతుంది, పూర్తిగా లాగి గురి చూసే సమయానికి చెయ్యి వణికిపోతుంది. ఆలెన్ చక్రాలు కథ మార్చాయి. కాస్త లాగగానే పూర్తి బరువు వచ్చేస్తుంది, చాలాదూరం అలాగే ఉంటుంది, చివర్లో దబ్బున తగ్గిపోతుంది. 50 పౌండ్ల విల్లుని పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు చేతి మీద ఉండేది పదిహేను పౌండ్లో, ఇంకా తక్కువో. దీన్నే లెట్-ఆఫ్ అంటారు.

ఇంటర్ ఫిజిక్స్ గుర్తుందా? బలం ఒక గీత, దూరం ఒక గీత వేసి గ్రాఫ్ గీస్తే, దాని కింద ఉన్న వైశాల్యమే నిల్వైన శక్తి. మామూలు విల్లు గ్రాఫ్ త్రిభుజంలా ఉంటే, కాంపౌండ్‌ది పొట్ట ఉబ్బిన దిబ్బలా ఉంటుంది. అదే పౌండ్లకు ఎక్కువ శక్తి.

మన 50 పౌండ్ల ఉదాహరణనే ఈ దారిలో లెక్కేద్దాం. 50 పౌండ్లు అంటే 222 న్యూటన్లు. తాడు నిజంగా కదిలే దూరం 27 అంగుళాలు కాదు. అందులోంచి కొలత పద్ధతి ప్రకారం 1.75 అంగుళాలు, 7 అంగుళాల బ్రేస్ హైట్ తీసేయాలి. మిగిలింది 18.25 అంగుళాలు, అంటే 46 సెంటీమీటర్లు. సగటు బలం గరిష్ఠంలో 75 శాతం అనుకుందాం. నిల్వైన శక్తి 77 జౌల్స్. కేజీ బియ్యం ప్యాకెట్‌ని రెండో అంతస్తు దాటించి పైకి ఎత్తేంత. అందులో 80 శాతం బాణానికి అందుతుందనుకుంటే 62 జౌల్స్. బాణం 22.7 గ్రాములు. వేగం సెకనుకు 74 మీటర్లు, అంటే దాదాపు 243 ఎఫ్‌పీఎస్. మొదటి సూత్రం 250 అంది. రెండు వేర్వేరు దారుల్లో వచ్చి ఇంత దగ్గర్లో కలిశాయంటే అంచనా దారి తప్పలేదన్నమాట.

ఇక్కడే ఒక సరదా లెక్క. బాహుబలి 2లో ఒకేసారి మూడు బాణాలు వేస్తారు కదా. అదే విల్లు, అదే శక్తి, బరువు మాత్రం మూడింతలు. శక్తి వేగం వర్గంతో ముడిపడి ఉంది కాబట్టి వేగం మూడో వంతుకు పడిపోదు, 58 శాతం దగ్గర ఆగుతుంది. మన 250 అయితే 145 అవుతుంది. నిజానికి బరువైన బాణం శక్తిని ఇంకాస్త బాగా తీసుకుంటుంది కాబట్టి దానికి కొంచెం పైనే. వేగం సంగతి ఓకే, గురి సంగతి రాజమౌళి గారినే అడగాలి.

ఈ చివరి మాటలో ఒక ప్రమాదం కూడా దాగుంది. బరువైన బాణం శక్తిని బాగా తీసుకుంటే, తేలిక బాణం తీసుకోలేదు. తీసుకోని శక్తి ఎక్కడికి పోతుంది? విల్లులోకే. లింబ్స్, క్యామ్, తాడు అన్నీ ఆ దెబ్బ తింటాయి. అసలు బాణమే లేకుండా తాడు వదిలితే, అంటే డ్రై ఫైర్ చేస్తే, మొత్తం శక్తి విల్లు మీదే పడుతుంది. లింబ్ పగిలి ముక్కలు మొహానికి తగలొచ్చు. స్పీడ్ కోసం పౌండుకి 5 గ్రెయిన్ల కన్నా తేలిక బాణం పెట్టడం అదే దారిలో నడవడం. 50 పౌండ్ల విల్లుకి 250 గ్రెయిన్లు ఆఖరి గీత. అక్కడ బేరాలు ఆడొద్దు.

ఫోన్‌తో కొలిచేద్దాం

కచ్చితంగా కావాలంటే క్రోనోగ్రాఫ్ ఉంది. రెండు సెన్సర్ల మధ్య బాణం దాటిన సమయాన్ని పట్టి వేగం చెప్పేస్తుంది. లేకపోతే జేబులో ఫోన్ ఉందిగా.

చాలామందికి ముందు తట్టేది స్లో-మోషన్ వీడియో. సెకనుకు 240 ఫ్రేములు తీసినా, ఒక్కో ఫ్రేముకి బాణం 32 సెంటీమీటర్లు దూకేస్తుంది. ఎక్కడ మొదలైంది, ఎక్కడ తగిలింది అన్నది చూసి చెప్పడం కష్టం. దీనికంటే మైక్ మేలు. ఫోన్ మైక్ సెకనుకు 44,100 లేదా 48,000 సార్లు ధ్వనిని నమోదు చేస్తుంది. తాడు వదిలిన 'టప్', టార్గెట్‌కి తగిలిన 'థడ్', ఈ రెండింటి మధ్య సమయమే మనకు కావాల్సింది.

చిన్న మెలిక ఉంది. ఫోన్ మీ కాళ్ల దగ్గర పెడితే, టార్గెట్ చప్పుడు వెనక్కి రావడానికి కూడా టైమ్ పడుతుంది. 18 మీటర్ల లేన్‌లో అది సుమారు 50 మిల్లీసెకన్లు. అది కలిసిపోతే 250 బాణం 200 బాణంలా కనిపిస్తుంది. మందు సింపుల్: ఫోన్‌ని విల్లుకీ టార్గెట్‌కీ సరిగ్గా సమాన దూరంలో, లేన్‌కి పక్కగా నేల మీద పెట్టండి. రెండు చప్పుళ్లూ ఒకే దూరం ప్రయాణించి వస్తాయి, ఆలస్యాలు కొట్టుకుపోతాయి. ఎండాకాలమా, చలికాలమా అని ధ్వని వేగం చూసుకునే పనే లేదు. ఫోన్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ లైన్ మీద ఎవరి చేతిలోనూ బాణం ఎక్కించిన విల్లు ఉండకూడదు. కోచ్‌కి ముందే చెప్పండి.

ఇంకో మెలిక దూరంలో ఉంది. షూటింగ్ లైన్ నుంచి 18 మీటర్లు అని లెక్కేయకండి. చాచిన చెయ్యి లైన్ దాటి ముందుకుంటుంది. తాడు వదిలే క్షణానికి బాణం మొన విల్లుకి ఇంకో అర మీటరు ముందుంటుంది. రెండూ కలిపితే మీటరు పైమాటే. కాబట్టి మొన అసలు ప్రయాణించేది దాదాపు 16.9 మీటర్లు. రికార్డింగ్‌లో 225 మిల్లీసెకన్లు వచ్చిందనుకోండి, వేగం సెకనుకు 75.1 మీటర్లు. ఇది దారి పొడవునా సగటు. గాలి నిరోధానికి ఒక శాతం కలిపితే విల్లు వదిలినప్పటి వేగం సుమారు 76, అంటే 249 ఎఫ్‌పీఎస్.

రికార్డింగ్‌ని లాప్‌టాప్‌లో ఆడాసిటీలో తెరిచి జూమ్ చేస్తే రెండు శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి. వృత్తి రోగం కదా, నేను దానికి ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసుకున్నా. పక్క లేన్‌లో ఎవరో బాణం వదిలిన ప్రతిసారీ అది దాన్నే మన బాణం అనుకుంటుంది, కాబట్టి రేంజ్ ఖాళీగా ఉండే పొద్దున్న ఆరింటికి వెళ్లడం నయం. ఒక మిల్లీసెకన్ తేడాకి ఒక ఎఫ్‌పీఎస్ మారుతుంది. తాడు చప్పుడు ఏ క్షణాన మొదలైందో ఎంచుకోవడంలోనే రెండు మూడు మిల్లీసెకన్లు పోతాయి. అందుకే ఒక్క బాణంతో తేల్చకుండా పది వేసి సగటు తీయండి.

ఫోన్ కూడా వద్దనుకుంటే మీ సైట్ స్కేలే చెప్తుంది. 20 మీటర్ల గుర్తుకీ 50 మీటర్ల గుర్తుకీ మధ్య దూరం ఎంతుందో చూడండి. పీప్ నుంచి స్కోప్‌కి 85 సెంటీమీటర్లుంటే, 250 ఎఫ్‌పీఎస్ బాణానికి ఆ దూరం 19 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 240 బాణానికి 20.5 వస్తుంది. గుర్తులు దగ్గరైతే వేగం ఎక్కువ, దూరమైతే తక్కువ.

పాయింట్లు పోయేది ఇక్కడ

250 అని తేలింది. మరి 260 చేయాలా? మళ్లీ హాంగ్‌ఝౌ స్కోర్లకు వద్దాం. 250తో వెళ్లే బాణం 50 మీటర్లకు 2.1 మీటర్లు కిందకి పడుతుంది. 240తో వెళ్లేది దాదాపు 2.3. సైట్ 250కి పెట్టి 240తో కొడితే 18 సెంటీమీటర్లు కింద తగులుతుంది. పది కాస్తా ఆరు. కానీ ప్రతి బాణం 240తోనే వెళ్తే? సైట్‌ని ఒక్కసారి దించితే అన్నీ మధ్యలోనే. నష్టం చేసేది తక్కువ వేగం కాదు, ఒక బాణానికీ ఇంకో బాణానికీ మధ్య తేడా. ఒక్క ఎఫ్‌పీఎస్‌కి 1.8 సెంటీమీటర్లు.

ఆ ఒక్క ఎఫ్‌పీఎస్ రావడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. మొదటి సూత్రం ప్రకారం బాణంలో మూడు గ్రెయిన్లు చాలు. అంటే 0.2 గ్రాము. చిటికెడు ఉప్పంత కూడా ఉండదు. ఒక వేన్ ఊడితే వేరే కంపెనీది అతికించినా, జిగురు కాస్త ఎక్కువైనా, మొన మార్చినా ఆ బరువు వచ్చేస్తుంది. అందుకని స్పీడ్ ఉన్న విల్లు కోసం డబ్బు దాచేముందు, బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనండి. వంటింటి కాటా దీనికి పనికిరాదు, గ్రాములో వందో వంతు చూపించాలి. పన్నెండు బాణాలూ తూచి, దగ్గర బరువులున్నవి పోటీకి, మిగతావి ప్రాక్టీస్‌కి విడదీయండి.

ఇంకో కారణం మనమే. క్యామ్ చివర గోడకి ఆనేదాకా లాగితే ఒక వేగం, ఒక్క మిల్లీమీటరు ముందు ఆగి వదిలితే ఇంకో వేగం. కోచ్‌లు "వెనక్కి ఆనించు, ఆనించు" అని అరిచేది ఊరికే కాదు.

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కాంపౌండ్ వస్తోంది, మిక్స్‌డ్ టీమ్ విభాగంలో. తెలంగాణ అమ్మాయి తానిపర్తి చికిత 2025లో విన్నిపెగ్‌లో అండర్-21 ప్రపంచ స్వర్ణం గెలిచింది కూడా కాంపౌండ్‌లోనే. రేంజుల్లో కొత్త పిల్లలు కనిపిస్తున్నారు, వాళ్ల వెనక డబ్బా మీది అంకెలు చదువుతున్న అమ్మానాన్నలూ కనిపిస్తున్నారు.

ఇప్పటికే విల్లు ఉన్నవాళ్లు ఈ పని చేయండి. కొత్త తాడు వేసి ట్యూన్ చేసిన రోజు పది బాణాల సగటు వేగాన్ని ఫోన్ నోట్స్‌లో రాసి పెట్టుకోండి. రెండు నెలలకోసారి అదే బాణాలతో, అదే దూరంలో, ఫోన్ అదే చోట పెట్టి మళ్లీ కొలవండి. పౌండ్లు మార్చలేదు, బాణం మార్చలేదు, అయినా సగటు ఏడెనిమిది ఎఫ్‌పీఎస్ మారిందంటే తాడో కేబులో సాగిందన్నమాట. క్యామ్‌లు రెండూ ఒకేసారి తిరుగుతున్నాయో లేదో చూడమని విల్లుని టెక్నీషియన్ చేతిలో పెట్టండి.